రంగం ఫోటోలు

రంగం అంటే ఇప్పటి పిల్లలకు నాటకరంగమో, రాజకీయరంగమో గుర్తుకు వస్తుంది. మా ఇంట్లో రంగం అంటే ఒకటే. రంగూను. విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల్లో పాతకాలపు మనిషి ఒక్కరైనా ఉన్న ఇంట్లో అడిగి చూడండి, ఈ మాట తెలిసే ఉంటుంది. “వాళ్ళ చిన్నాన్న రంగం వెళ్ళాడు” అంటే ఆ రోజుల్లో రెండు అర్థాలుండేవి. నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికి వెళ్ళాడని ఒకటి, ఇంట్లో పోట్లాడి పారిపోయాడని ఇంకొకటి. రెండు కారణాలూ ఉన్నవాళ్ళే ఎక్కువ అనుకోండి. ‘రంగూన్ రౌడీ’ అని ఒక నాటకం ఊరూరా ఆడేవారు. ఆ పేరు వింటే మా నాన్నకు ఒళ్ళు మండేది. “బియ్యం మిల్లులో లెక్కలు రాసుకునే వాణ్ణి, నేనేం రౌడీని?” అనేవాడు.

నేను పుట్టింది 1952లో, రంగూనులోనే. 12వ ఏట ఓడెక్కి విశాఖ రేవులో దిగాను. మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు. మొన్న వేసవిలో మా అక్కయ్య ఇల్లు మారుతూ నల్ల అట్టల ఆల్బం ఒకటి నా ఒళ్ళో పెట్టింది. అందులో 41 ఫోటోలున్నాయి. తీరిగ్గా లెక్క పెడితే 27 ఫోటోల్లో వెనకాల ఒకటే కట్టడం. ష్వేడగాన్ పగోడా.

“అమ్మమ్మా, మీకు ఆ ఊళ్ళో ఇంకో చోటే దొరకలేదా?” అంది అక్కయ్య మనమరాలు. అడగవలసిన మాటే. రంగూనులో పెద్ద చెరువులున్నాయి, తోటలున్నాయి, ఏనుగులను చూపించే జంతు ప్రదర్శనశాల ఉంది. అయినా కొత్త బట్టలు కడితే పగోడా, ఊరినుంచి చుట్టాలొస్తే పగోడా, పరీక్ష పాసయితే పగోడా. తిరుపతి వెళ్ళినవాళ్ళు గుండుతో తిరిగి వస్తారు చూశారూ, రంగం వెళ్ళినవాళ్ళకు ఆ ఫోటో అటువంటిది. నేను ఫలానా చోట ఉన్నాను, తిండికి లోటు లేదు, బాగానే ఉన్నాను అని ఊళ్ళో వాళ్ళను నమ్మించాలంటే అంతకు మించిన సాక్ష్యం లేదు.

చూడనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. ఊరి నడిమధ్య ఒక గుట్ట. దాన్ని సింగుత్తర గుట్ట అంటారు. దాని నెత్తిన గంట బోర్లించినట్టు 300 అడుగులకు పైబడిన స్తూపం, నిలువెల్లా బంగారం. గుట్ట ఎక్కడానికి నాలుగు దిక్కులా మెట్లదారులు. దక్షిణపు ద్వారం దగ్గర రెండు పెద్ద సింహాలు. మెట్ల పొడుగునా పూలు, అగరొత్తులు, బొమ్మలు అమ్మేవాళ్ళు. పైకి వెళ్ళాక చుట్టూ చలువరాతి చప్టా, ఎన్నెన్నో చిన్న మందిరాలు. తపస్సు, భల్లికుడు అనే ఇద్దరు వర్తకులు బుద్ధుడి దగ్గర 8 తలవెంట్రుకలు పుచ్చుకుని వచ్చి ఇక్కడ నిక్షేపించారని స్థలపురాణం. వాళ్ళది మా ఒక్కలాపే అని బర్మావాళ్ళు అంటారు. కాదు, ఉత్కళం అని మన పండితుల్లో కొందరు అంటారు. ఉత్కళమే నిజమైతే మా శ్రీకాకుళం వాళ్ళకు పొరుగువాళ్ళే! ఈ తగవు తీర్చడం నా వల్ల కాదు.

ఆ బంగారం సంగతి మాత్రం పురాణం కాదు. 15వ శతాబ్దంలో షిన్‌సాబు అనే రాణి తనంత బరువు బంగారం తూచి, రేకులు కొట్టించి స్తూపానికి తాపించింది. మన తులాభారమే అన్నమాట. ఆవిడ తరవాత గద్దె ఎక్కిన అల్లుడు ధమ్మజేది అంతకు ఎన్నో రెట్లు సమర్పించాడు. ఆయన 1485లో వేయించిన శిలాశాసనం తూర్పు మెట్లదారిలో ఉండేది. 1768లో భూకంపానికి పైభాగం కూలితే, సిన్‌బ్యూషిన్ రాజు మళ్ళీ కట్టించి ఈ ఎత్తుకు తెచ్చాడు. కొసన ఉండే గొడుగును మిండాన్ రాజు 1871లో మాండలే నుంచి పంపించాడు. మా ఫోటోల నాటికి ఉన్నది ఆ గొడుగే. 1999లో దాన్ని దించి కొత్తది ఎత్తారు.

అంత గొడుగు, అంత చరిత్ర. మా 27 ఫోటోల్లో ఆ గొడుగు కనిపించేది ఒక్కదాంట్లోనే!

నాన్నది బాక్సు కెమెరా. పొట్ట దగ్గర పట్టుకుని, పైనున్న చిన్న గాజుబిళ్ళలోకి తల వంచి చూడాలి. ఒక ఫిల్ముకు 8 బొమ్మలే వచ్చేవి. కడిగించడానికి మళ్ళీ డబ్బు. అందుచేత నొక్కేముందు ఆయన సగం జపం చేసేవాడు. మనుషులు కనబడాలంటే దగ్గరగా నిలబడాలి, అప్పుడు గోపురం మెడ దగ్గర తెగిపోతుంది. గోపురం నిండుగా పడాలంటే దూరం పోవాలి, అప్పుడు మనుషులు చీమలవుతారు. నాన్న ప్రతిసారీ మనుషుల పక్షమే వహించాడు. గొడుగు పడిన ఆ ఒక్క ఫోటోలో చప్టా మీద నాలుగు చుక్కలున్నాయి. అందులో రెండో చుక్క అమ్మట.

ఇదే పగోడాను 1855లో లినేయస్ ట్రైప్ అనే ఇంగ్లీషు సైనికోద్యోగి ఫోటోలు తీశాడు. కలకత్తా ప్రభుత్వం ఆవా రాజు దగ్గరకు పంపిన రాయబారంతో వెళ్ళి, బర్మా అంతా తిరిగి, 100కు పైగా బొమ్మలు తీసుకొచ్చిన మనిషి. తరవాత మధుర, తంజావూరు దేవాలయాలను కూడా తీశాడు. గొప్ప పనివాడు. రాతి మీది చెక్కడం తడిమితే చేతికి తగులుతుందా అన్నట్టుంటుంది. కాని ఆ రోజుల్లో బొమ్మ పడడానికి చాలాసేపు పట్టేది కనుక, కదిలే మనుషులు దానిలో నిలిచేవారు కాదు. ఆయన ఫోటోల్లో గుడి ఉంది, జనం లేరు. మా నాన్న ఫోటోల్లో జనం ఉన్నారు, గుడికి తల లేదు. రెంటిలో ఏది కావాలని నన్నడిగితే జవాబు మీకు తెలిసిందే.

ఇక మా అక్కయ్య ఫోటో సంగతి చెప్పాలి. అక్కయ్య మనమరాలు ఈ బొమ్మలన్నిటినీ తన ఫోనులోకి ఎక్కించి, ఒక్కోదానికీ పేరు రాసింది. ఒక ఫోటోలో తొమ్మిది, పదేళ్ళ పిల్ల మనవైపు వీపు పెట్టి, రెండు జడలతో, చిన్న చెంబుతో బుద్ధుడి విగ్రహం మీద నీళ్ళు పోస్తోంది. పక్కన ఎత్తుకున్న చంటిది నేను. చంటిదంటే నాలుగేళ్ళది, ఎత్తుకోమని ఏడ్చి ఉంటాను. ఆ నీళ్ళు పోసే పిల్ల కింద “అమ్మమ్మ, 1956” అని రాసింది. అమ్మ ఉన్నంతకాలం అదే చెప్పేది కూడా.

నేను భూతద్దం పెట్టి చూసింది పిల్లను కాదు, విగ్రహం కింద ఉన్న జంతువును. ఎందుకంటారా? ష్వేడగాన్ చప్టా మీద ఎనిమిది దిక్కులకూ ఎనిమిది వారాల గద్దెలున్నాయి. వారాలు ఏడే కదా అంటారేమో. బర్మావాళ్ళు బుధవారాన్ని మధ్యాహ్నం దగ్గర రెండు చేశారు. పొద్దుటి భాగం బుధుడిది, మలిభాగం రాహువుది. ఏ వారం పుట్టినవాళ్ళు ఆ మూలకు వెళ్ళి నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుంటారు. ఒక్కో మూలకు ఒక్కో జంతువు. సోమవారానికి తూర్పున పులి, మంగళవారానికి ఆగ్నేయంలో సింహం, ఆదివారానికి ఈశాన్యంలో గరుత్మంతుడు. గురువారానికి పడమట ఎలుక. మా అమ్మకు ఇదంతా తెగ నచ్చేది. పరాయి దేశమని బెంగపడుతూ దిగిన మనిషికి నవగ్రహాలు ఎదురొచ్చి పలకరించినట్టయింది. రాహుకాలం చూడనిదే గడప దాటని వాళ్ళు ఆవిడకు ఆ ఊళ్ళో కావలసినంతమంది దొరికారు.

ఆ ఫోటోలో విగ్రహం కింద ఉన్నది పాము. పడగ విప్పిన నాగుడు. అంటే శనివారం, నైరుతి మూల. మా అక్కయ్య పుట్టింది బుధవారం మధ్యాహ్నం. ఆవిడ మూల వాయవ్యం, ఆవిడ జంతువు దంతాలు లేని ఏనుగు. చిన్నప్పుడు ఆ దంతాలు లేని ఏనుగంటూ నేను ఏడిపించని రోజు లేదు.

ఫోటో తీసుకెళ్ళి చూపించాను. అక్కయ్య కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసి, “ఇది నేనెందుకవుతానే. ఆ జడలు వేసింది నేను. నా రిబ్బన్లే కట్టాను” అంది.

మేము మొదట ఉన్న వీధిలో పక్కవాటాలో ఒక కుటుంబం ఉండేదట. ఆయన గోదావరి జిల్లావాడు, ఓడరేవులో పని. ఆవిడ బర్మా మనిషి. చెంపలకు తనాకా గంధం రాసుకుని, పొద్దున్నే మోహింగా వండి, ఒక గిన్నె మా ఇంటికి ఇవ్వబోయి, మా అమ్మ చేపల పులుసు ముట్టదని గుర్తొచ్చి నవ్వుకుంటూ వెనక్కి తీసుకెళ్ళేదట. వాళ్ళ పిల్ల ఈ పిల్ల. అక్కయ్యకు ప్రాణస్నేహితురాలు. 1957లో మేము ఇల్లు మారాం కనుక నాకు గుర్తులేదు, అక్కయ్యకు అంతా గుర్తే. ఆ పిల్లకు శనివారం కలిసిరాదని పుట్టినరోజుకల్లా నైరుతి మూలకు తీసుకెళ్ళేవారట. ఆ రోజు మా నాన్న దగ్గర ఫిల్ములో ఒక బొమ్మ మిగిలింది. “మీ అమ్మాయిని తీస్తానమ్మా” అన్నాడట.

పేరు కూడా చెప్పింది. ఇక్కడ రాయను. బతికి ఉంటే ఇప్పుడు 80కి దగ్గర పడిన మనిషి, అడగకుండా పేరు పత్రికకెక్కించడం మర్యాద కాదు.

ఆ పిల్ల సంగతి మళ్ళీ చెబుతాను. ముందు మా తాతయ్య బూట్ల గురించి చెప్పకపోతే ఈ ఆల్బం కథ సగమే.

ఆల్బంలో అన్నిటికంటే పాత ఫోటో తాతయ్యది. 1928లో రంగూనునుంచి మా ఊళ్ళో ఉన్న తాతమ్మకు ఉత్తరంలో పెట్టి పంపించాడు. కోటు, తలపాగా, చేతిలో గొడుగుకర్ర, వెనక ష్వేడగాన్. ఆశ్చర్యమేమిటంటే ఇందులో గోపురం కొసదాకా నిండుగా పడింది, తాతయ్య కూడా పెద్దగానే ఉన్నాడు. నాన్నకు జీవితమంతా సాధ్యం కానిది ఆ ఫోటోగ్రాఫరుకు ఎలా సాధ్యమైంది?

తాతయ్య కాళ్ళు చూడండి, తెలిసిపోతుంది. బూట్లు! మెరుస్తున్న నల్ల బూట్లు.

పగోడా మీదికి చెప్పులతో వెళ్ళడం అక్కడ మహాపచారం. మన గుళ్ళలాగే. తెల్లదొరలు మాత్రం బూట్లతో ఎక్కి తిరిగేవారు. 1852 యుద్ధం తరవాత ఆ గుట్టమీద సైన్యాన్ని పెట్టి, 1929 దాకా ఖాళీ చేయలేదు. దొరల బూట్ల మీద బర్మావాళ్ళు లేవదీసిన ఆందోళన 1919 నాటికి బాగా ముదిరింది. స్వరాజ్యోద్యమానికి మనకు ఉప్పు ఎటువంటిదో, వాళ్ళకు ఆ బూట్లు కొంతవరకు అటువంటివి. చివరకు పాదరక్షల విషయం గుడి ధర్మకర్తలే నిర్ణయించుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ తరవాత చాలామంది దొరలు జోళ్ళు విప్పడం నామర్దా అనుకుని గుట్ట ఎక్కడమే మానేశారు. అటువంటి చోట 1928లో ఒక తెలుగు గుమాస్తా తళతళలాడే బూట్లతో నిలబడి ఫోటో తీయించుకున్నాడంటే, ఆయన నిలబడింది గుట్టమీద కాదు. స్టూడియోలో, తెర ముందర. గోపురం బట్టమీద గీసిన బొమ్మ. బూట్లు బహుశా స్టూడియోవాడివే. కోటు భుజాలు కూడా కాస్త జారుతున్నాయి.

అలాగని అది అబద్ధపు ఫోటో అనను. మా తాతమ్మకు కొడుకు బతికి ఉన్నాడా, తింటున్నాడా అన్నదే కావలసింది. ఊళ్ళో ఆ ఫోటో చూసిన వాళ్ళు అడిగిన ప్రశ్న వేరే అట. “బంగారు గోపురమన్నాడు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉందేం?” అని. నలుపు తెలుపు బొమ్మల్లో బంగారానికి ఎక్కడిదండీ రంగు! ఆ కాలపు ఫోటోలన్నిట్లోనూ ష్వేడగాన్ ఎండలో సున్నపు గోపురమే.

ఆ బొమ్మ మాకు మిగలడానికి కారణం కూడా అది ఇంట్లో దాచుకోకపోవడమే. 1931 జనాభా లెక్కల్లో రంగూను జనంలో సగానికి పైగా మనదేశపు వాళ్ళు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కనుక కాకినాడలో స్టీమరెక్కడం, రంగంలో దిగడం పెద్ద విశేషం కాదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. తాతయ్య నాయనమ్మనూ ఆడపిల్లలనూ ఎలాగో ఓడ ఎక్కించగలిగాడు. తనకూ, 17 ఏళ్ళ మా నాన్నకూ ఓడలో చోటు దొరకలేదు. 1942లో లక్షలమంది నడిచారు. అరకాన్ కొండల మీదుగా కొందరు, తమూ దాటి మణిపూర్‌లోకి కొందరు. ఆకలికీ, కలరాకూ, మలేరియాకూ దారిలో రాలిపోయినవాళ్ళు వేలకు వేలు. బయలుదేరినప్పుడు తాతయ్య భుజాన ఒక పెట్టె, అందులో ఫోటోలు ఉన్నాయట. రెండోరోజున బియ్యం మూట ఉంచుకుని పెట్టె వదిలేశాడు. అందుచేత మా ఇంట్లో 1942కు ముందు ఫోటో అంటే ఆ బూట్ల ఫోటో ఒక్కటే. దగ్గర దాచుకున్నవన్నీ అడవిలో పోయాయి, ఉత్తరంలో పంపినది మిగిలింది.

నాన్న 1946లో మళ్ళీ వెళ్ళాడు. అంత నడిచి వచ్చినవాడు మళ్ళీ ఎందుకు వెళ్ళాడో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఉద్యోగం అక్కడుంది, అంతే. 1962 మార్చిలో సైన్యం రాజ్యం చేజిక్కించుకుంది. ఆ వెనకనే మిల్లులు, వ్యాపారాలు, దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. అప్పుడు మొదలైంది రెండో ప్రయాణం. ఓడలు మద్రాసుకూ విశాఖకూ వచ్చాయి. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. డబ్బు మీద, బంగారం మీద కట్టుబాట్లున్నాయి కనుక అమ్మ సామాను తనిఖీ దగ్గర వణుకుతూ నిలబడింది. తనిఖీ చేసిన ఆయన ఆల్బం తెరిచి, నాలుగు పేజీలు తిప్పి, బుద్ధుడి గుడి ఉన్న పుస్తకమని నేలమీద పెట్టకుండా బల్లమీద పెట్టి, రెండు చేతులా అమ్మకు తిరిగి ఇచ్చాడట. ఆ రకంగా అంత బంగారపు గోపురాన్నీ మేము అందరి ఎదురుగానే పట్టుకొచ్చాం.

పక్కవాటా వాళ్ళు రాలేదు. ఆవిడ ఊరు అదే, తల్లీ తండ్రీ అక్కడే. ఆయన ఒక్కడూ వచ్చి ఇక్కడ ఏం చేస్తాడు? విశాఖ వచ్చాక అక్కయ్య రెండు ఉత్తరాలు రాసింది. ఒకదానికి జవాబు వచ్చింది, బర్మా లిపిలో. ఇంట్లో అందరికంటే ఆ లిపి బాగా వచ్చింది అక్కయ్యకే కనుక అందులో ఏముందో మాకెవరికీ తెలియదు. ఇప్పుడు అడిగితే “ఏముంటుంది, చదువుల సంగతి” అంటుంది.

పాత ఆల్బములున్న ఇల్లాళ్ళకు నాలుగు మాటలు చెప్పి తీరాలి. పిల్లలు ఫోనులోకి ఎక్కించారు కదా అని అసలును పారేయకండి. నల్ల కాగితం మీద మూలలకు తొడుగులు పెట్టి అమర్చిన ఫోటోలను పీకకండి. ముందు పేజీ పేజీగా బొమ్మ తీయించండి. ఏది దేని పక్కన ఉందన్నది కూడా ఒక కబురే. 1970ల తరవాత జిగురు పూసిన అట్టలు, మీద ప్లాస్టిక్ పొర ఉన్న ఆల్బములు వచ్చాయి, వాటిలో ఉన్నవాటిని మాత్రం నెమ్మదిగా బయటికి తీయించాలి, ఆ జిగురు ఫోటోను తినేస్తుంది. వెనుక రాయాలంటే బాల్‌పెన్ను వద్దు. మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా. చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు కూర్చుని రాయాలి. అన్నిటికంటే త్వరపడవలసింది దీనికే. కాళ్ళు చూడండి, నీడలు చూడండి, వెనకున్న జంతువులను చూడండి. మొహాలు ఎలాగూ చూస్తారు.

మేము రెండు మధ్యాహ్నాలు కూర్చుని 33 ఫోటోల వెనక రాశాం. మిగిలిన ఎనిమిదింటిలో ఉన్నవాళ్ళు అక్కయ్యకు కూడా తెలియదు. ఒకదానిలో 1779 నాటి పెద్ద గంట, దాన్ని కర్రతో కొడుతున్న ఎవరో పెద్దాయన. 1825లో తెల్లవాళ్ళు ఆ గంటను ఓడెక్కించబోతే నదిలో మునిగింది, వాళ్ళు పైకి తీయలేక వదిలేస్తే బర్మావాళ్ళే తీసి మళ్ళీ గుట్టెక్కించుకున్నారు. ఆ గంట చరిత్ర తెలిసింది కాని పెద్దాయన ఎవరో తెలియలేదు.

నీళ్ళు పోసే పిల్ల ఫోటో వెనక మాత్రం అక్కయ్య పెన్సిలు నా చేతిలోంచి తీసుకుంది. పిల్ల పేరు, ఆమె తల్లిదండ్రుల పేర్లు, వీధి పేరు తెలుగులో రాసింది. కింద బర్మా లిపిలో ఇంకొక ముక్క రాసింది. ఇన్నేళ్ళ తరవాత ఆ గుండ్రటి అక్షరాలు చేతికి ఎలా వచ్చాయో తెలియదు. ఏమిటని అడిగితే, “నీకెందుకే, అది దానికి” అని ఫోటో తిప్పి మూలల్లో పెట్టేసింది.